తీగలకి నీళ్ళు

ఆ మేడలో రెండో అంతస్తు మెట్ల మలుపుకి పేరు బాగాలేదు.

పగలు చూస్తే అక్కడ ఏమీ ఉండదు. సున్నం రాలిన గోడ, కిటికీ గట్టు మీద ఓ మొక్క కుండీ, ఎదురుగా తాళం వేసిన తలుపు. పిల్లలు ఆ తలుపుకే బంతి కొట్టుకుంటూ ఆడుకుంటారు. కానీ దీపాలు వెలిగాయా... ఎంతటి మొనగాడైనా అక్కడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతాడు. నాలుగో అంతస్తు డ్రైవరు రాత్రి డ్యూటీకి దిగేటప్పుడు ఈల వేసుకుంటూ వస్తాడు. ఆ మలుపు దగ్గరికి రాగానే ఈల ఆగిపోతుంది. కింది అంతస్తుకి చేరాక మళ్ళీ మొదలవుతుంది.

ఎందుకంటే ఆ తలుపు వెనక ఎవరో పియానో మోగిస్తున్నారు.

ఆ తలుపు వెనక ఎవరూ లేరు.

పాట వినిపిస్తే ఇంత భయపడేవారు కాదేమో. ముందు... టక్! ఎవరో లోపల్నించి కొయ్యని వేలి కణుపుతో కొట్టినట్టు. ఆ వెంటనే సన్నగా, పళ్ళు జివ్వుమనేలా ఓ మోత. గాల్లో కాసేపు వేలాడి ఆగిపోతుంది. తర్వాత ఎంతసేపు చెవులు రిక్కించినా ఏమీ ఉండదు. హమ్మయ్య అనుకుని అడుగు ముందుకు వేస్తే — టక్!

అక్కడ ఉండేది పియానో టీచరుగారు. పెళ్ళీ పిల్లలూ లేని మనిషి. పియానో ఆవిడ సొంతం, వాటా మాత్రం అద్దెది. పోయిన చలికాలంలో ఆస్పత్రికి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఎండలు ముదరగానే ఈ మోత మొదలైంది.

మోత ఒక్కటే అయితే ఎలకలని సరిపెట్టుకుందురు. తడి అడుగులు కూడా కనిపించాయి. చిన్న పాదాలు, ఆడమనిషివి. కింది వాకిలి నుంచి మెట్ల మీదుగా పైకి వచ్చి ఆ తలుపు ముందు ఆగాయి. వెనక్కి వెళ్ళిన జాడ మాత్రం లేదు.

“ఆవిడవే,” అంది మూడో అంతస్తు మామ్మగారు, గొంతు తగ్గించి. “నాకు తెలీదూ ఆ పాదాలు? పైగా ఆ కుండీ చూడండి... నీళ్ళు పోసే నాథుడు లేడు. తీగ మాత్రం నిగనిగలాడుతూ మా అంతస్తు దాకా పాకింది.”

ఆ మాట మేడంతా పాకడానికి తీగకి పట్టినంత కాలం కూడా పట్టలేదు.

ఇక్కడ కథ చెప్పేవాడు ఊరించాలి గానీ, నాకు అంత ఓపిక లేదు. తడి అడుగుల సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. అవి టీచరుగారివి కావు. ఆవిడ మేనకోడలివి.

ఆ అమ్మాయి వీధి చివర లాండ్రీలో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. ఉతికిన బట్టలకి చీటీలు కుట్టడం, వారాల తరబడి తీసుకెళ్ళని వాళ్ళకి ఫోన్లు చేసి సతాయించడం ఆమె పని. కొట్టు మూసి, బల్లలు తుడిచి బయటపడేసరికి రాత్రి అవుతుంది. అప్పుడు మేనత్త ఉన్న మేడకి వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని, వాకిట్లో కొళాయి దగ్గర ప్లాస్టిక్ డబ్బా నింపుకుని దొంగలా మెట్లెక్కుతుంది. డబ్బాకి అడుగున చిల్లు. ఎక్కేటప్పుడు దారంతా కాళ్ళ మీద కారుతుంది. కుండీలో నీళ్ళు పోసి కాసేపు నిలబడేసరికి డబ్బా ఖాళీ, వేడికి కాళ్ళు పొడి. దిగేటప్పుడు జాడ ఎక్కణ్ణించి వస్తుంది?

తన అడుగుల గురించి జనం ఏమనుకుంటున్నారో ఆమెకి తెలుసు. లాండ్రీ కౌంటరు దగ్గరికి రాని పుకారు ఉంటుందా? అయినా నోరు మెదపలేదు. నేనే వస్తున్నానని చెబితే ఎవరో ఒకరు అడుగుతారు — మీ అత్త ఉన్నన్నాళ్ళూ రాని దానివి, ఇప్పుడెందుకొస్తున్నావమ్మా అని. ఆ మాట పడడం కన్నా చచ్చిపోయిన మనిషిని దెయ్యం చెయ్యడమే ఆమెకి తేలికైంది. అది తేలికైనందుకు మళ్ళీ సిగ్గు. కానీ అడుగులంటే తనవి... ఆ మోత తనది కాదు కదా. అది వినబడిన ప్రతిసారీ ఆమె రెండు చెవులూ మూసుకునేది.

అత్తకి కోపం వచ్చింది. ఆమెకి తోచింది అదొక్కటే.

కోపం రావడానికి కారణాలు లేకపోలేదు. చిన్నప్పుడు ఆమెకి పియానో నేర్పింది అత్తే. మీటల మీద వేళ్ళు గెంతిస్తుందని ‘పిచ్చుక’ అని పేరు పెట్టింది. వాయించేటప్పుడు పిచ్చుక నాలుక పళ్ళ మధ్య కరిచి పట్టుకునేది. అలా పట్టుకోకపోతే వేళ్ళు కదిలేవి కావు. “నాలుకతో వాయిస్తావుటే?” అని అత్త నవ్వేది. తప్పు వస్తే తిట్టేది కాదు. “మళ్ళీ...” అనేది, మెత్తగా. మళ్ళీ తప్పితే, “జరుగు” అని బల్ల మీద ఎడమవైపు తనూ కూర్చునేది.

పెద్ద క్లాసులకి వచ్చాక పిచ్చుకకి స్నేహితులు ఎక్కువయ్యారు. పరీక్షలని అబద్ధం చెప్పి మానేసింది. అబద్ధమని అత్తకి తెలుసు. ఆవిడకి తెలుసునని పిచ్చుకకీ తెలుసు. ఆ తర్వాత కూడా అత్త ఏటా మనిషిని పిలిపించి పియానోకి శ్రుతి చేయిస్తూనే ఉండేది. “పిచ్చుక వస్తుందిగా, వచ్చినప్పుడు బావుండాలి” అనేదట.

ఇక ఆస్పత్రి. ఆ రోజు పిచ్చుక భుజాన సంచీతో, చెవి దగ్గర ఫోనుతో మంచం పక్కన నిలబడే ఉంది. కూర్చోలేదు. ఫోనులో ఎవడో కోటు మీద మరక పోలేదని అరుస్తున్నాడు. అత్త పెదాలు కదిలాయి.

“పిచ్చుకా... తీగ... నీళ్ళు పెట్టడం మర్చిపోకే... ఎండిపోతాయి...”

“సరే అత్తా,” అంది పిచ్చుక, అరిచేవాడి మాట వింటూనే.

అత్తతో ఆమె ఆడిన చివరి మాట అదే. ఆ కోటు గొడవ ఏమైందో కూడా ఇప్పుడు గుర్తులేదు.

అందుకే ఆ తీగని పట్టుకుని వేలాడుతోంది. మలుపులో కుండీ తీగని ఒక్క రాత్రి కూడా ఎండనివ్వలేదు. అత్త అడిగింది ఈ ఒక్క పని, ఇదైనా సరిగ్గా చేస్తున్నాను కదా అని తనకి తాను చెప్పుకునేది. గది తలుపు మాత్రం తియ్యలేదు. ఒకే ఒక్కసారి తీసింది, అత్త పోయిన వారంలో, కిటికీ తెరలు ఉతికిద్దామని. అవి శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ అయ్యి, చీటీతో సహా లాండ్రీ పై అరలో ఉన్నాయి. తిరిగి కట్టాలంటే ఆ గదిలోకి వెళ్ళాలి. ఊరందరి బట్టల కోసం ఊరందరినీ సతాయించే మనిషి, ఆ అర వైపు తలెత్తి చూడకుండా వేసవి గడిపేసింది.

అలాగే ఎన్నాళ్ళు గడిచేదో గానీ, మేడ ఓనరు ఫోన్ చేశాడు.

“చూడమ్మా, ఆ వాటా ఎవరూ దిగరు. ఉన్నవాళ్ళు కూడా ఖాళీ చేస్తామంటున్నారు. నెలాఖరుకల్లా ఆ పియానో పెట్టె తీయించెయ్. అది పనికిరాదంటావా, చెప్పు... మా వాళ్ళొచ్చి ముక్కలు చేసి దించేస్తారు.”

ముక్కలు అన్న మాట వినగానే పిచ్చుక ఏటా శ్రుతి చేసే మనిషిని వెతికి పట్టుకుంది. ఆయన మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, రైలు కూతలాంటి గొంతు. రేపు మధ్యాహ్నం వస్తానన్నాడు. చీకటి పడ్డాక మాత్రం రానన్నాడు.

“దెయ్యమనా అండీ?” అందామె.

“దెయ్యాలదేముంది? ఎలకలుంటాయి,” అన్నాడాయన, ఆ పేరు ఎత్తడం కూడా ఇష్టం లేనట్టు. “ఈ రాత్రికే తలుపు తీసి గాలి ఆడనివ్వండి. ఏమన్నా ఉంటే పోతాయి.”

ఆ రాత్రి ఆమె మామూలుగానే డబ్బా నింపుకుని మెట్లెక్కింది. తీగకి నీళ్ళు పోసింది. తాళంచెవి తీసింది. అది రెండు మూడుసార్లు జారింది.

తలుపు తెరుచుకుంది.

వేడి... మూసిన పొయ్యి తలుపు తీసినట్టు ముఖానికి కొట్టింది. తెరల్లేని కిటికీలోంచి వీధి దీపం వెలుగు నేరుగా పియానో మీద పడుతోంది. మీటల మూత మీద వేలి మందాన దుమ్ము. దాని ముందు ఆ వెడల్పాటి బల్ల, ఇద్దరు కూర్చునేది... అలాగే ఉంది. ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు కొంచెం వెనక్కి జరిగి ఉంది.

“అత్తా...” అంది. ఆ బల్ల వైపు చూస్తూ మళ్ళీ అంది. “అత్తా... నేను... పిచ్చుకని.”

చప్పుడు లేదు.

“కోపమా?”

టక్!

సన్నటి మోత గదిలో తిరిగి, ఆమె పక్కనించి పోయి గోడలో కలిసిపోయింది. పిచ్చుక వెన్ను తలుపుకి ఆనించి నిలబడింది. పారిపోవాలని ఉంది. పారిపోవడం తనకి కొత్తేం కాదు. అందుకే పోలేదు.

“నేను రావలసింది అత్తా... ఎన్నిసార్లు రమ్మన్నావు... పక్క వీధిలోనే ఉండి రాలేదు. ఆ రోజు ఫోనన్నా పక్కన పెట్టలేదు.” ఏడుపు అడ్డొచ్చింది. “కానీ నువ్వు చెప్పిన పని మానలేదు. రోజూ వస్తున్నాను. తీగకి రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నాను... ఇంకేం చెయ్యమంటావు అత్తా?”

ఒక్క క్షణం... రెండు క్షణాలు...

ఫెళ్ళుమంది!

ఈసారి కణుపు చప్పుడు కాదు. పియానో లోపల ఏదో విరిగింది. సన్న తీగలన్నీ ఒక్కసారిగా కీచుమని గోల పెట్టాయి. పిచ్చుక చేతిలో డబ్బా జారి మెట్ల మీద దడదడా దొర్లుకుంటూ పోయింది. పై అంతస్తులో తలుపు కిర్రుమంది. “వచ్చేసిందిరా దేవుడా...” అని మామ్మగారి గొంతు వినబడి, దబ్బున గడియ పడింది. పిచ్చుక ఎలా దిగిందో, చెప్పులు ఎక్కడ వదిలిందో, ఇల్లు ఎలా చేరిందో ఆమెకే తెలీదు.

మర్నాడు మధ్యాహ్నం శ్రుతి చేసే ఆయన వచ్చాడు. గుమ్మంలో ఆగి మూలలన్నీ చూసి, చప్పట్లు కొట్టి, ఎలకలు లేవని నమ్మకం కుదిరాక లోపలికి అడుగు పెట్టాడు. కిటికీ వైపు చూడగానే ఆయన ముఖం మారింది. ఎండ గదంతా పరుచుకుని పియానో నడుం దాకా ఎక్కి కూర్చుంది.

“తెరలేవండీ?”

“ఉతకడానికి తీశాను.”

“ఎప్పుడు?”

పిచ్చుక నేల చూపులు చూసింది. ఆయన రెట్టించలేదు. పియానో ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కిందివైపు చెక్క పలకని, దాని గడియ తిప్పి ఊడదీశాడు. టార్చి వేసి తల లోపలికి పెట్టాడు. చెయ్యి చాపి ఓ గాజు సీసా బయటికి తీశాడు. మామూలు జామ్ సీసా, వెడల్పు మూతిది. బొట్టు నీళ్ళు లేవు. అడుగున తెల్లటి చార మాత్రం ఉంది.

ఆయన సీసా తిరగేసి చూశాడు.

“ఏవమ్మా, తీగలకి నీళ్ళు పెట్టడం మానేశారా?” అన్నాడు.

పిచ్చుకకి మొదట ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

ఆయన తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు. “టీచరుగారు ఎండలు మొదలవగానే ఈ సీసా నింపి లోపల పెట్టేవారు. గాలి మరీ ఎండిపోతే కొయ్య ముడుచుకుంటుందండీ. తీగల్ని పట్టి ఉంచే మేకులు సడలి కాస్త కాస్త జారతాయి. పగలంతా ఈ ఎండకి కాగుతుంది, రాత్రి చల్లబడేటప్పుడు ఎక్కడో ఓ చోట టక్కుమంటుంది. ఆ అదురుకి పై తీగలు మోగుతాయి. మీ దెయ్యం ఇదే.” పియానోని గోడ నుంచి కొంచెం ముందుకి జరిపి వెనక టార్చి వేశాడు. “అయ్యయ్యో... ఇది చూడండి. కొత్త చీలిక. రాత్రో మొన్నో పడి ఉంటుంది.”

పాత నల్ల చెక్కలో ఆ చీలిక ఒక్కటే తెల్లగా ఉంది.

ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. ఎంత చిన్నప్పుడో... బల్ల ఎక్కడానికి ఎవరైనా ఎత్తాల్సిన వయసు. అత్త ఇలాగే మోకాళ్ళ మీద కూర్చుని, చెంబుతో నీళ్ళు వంపుతోంది. “పియానో నీళ్ళు తాగుతుందా అత్తా?” అని తను అడిగింది. “అది తాగదే. దాని తీగలు తాగుతాయి,” అంది అత్త. తను పడీ పడీ నవ్వింది. వారం రోజులు కనబడ్డ వాళ్ళందరికీ చెప్పింది.

ఆస్పత్రి మంచం మీద అత్త ఏమందో కూడా ఇప్పుడు పూర్తిగా వినిపించింది. ‘ఎండిపోతుంది’ అనలేదు. ‘ఎండిపోతాయి’ అంది. మలుపులో ఉన్నది ఒకే ఒక్క తీగ. ఆ తేడా తన చెవిలో అప్పుడే పడింది. ఒక్కసారి ఫోను దించి, ఏ తీగలు అత్తా అని అడిగితే సరిపోయేది. అడగలేదు. అడగకుండా, తనకి తేలికైన అర్థం తీసుకుని, దానికే నీళ్ళు పోసుకుంటూ పుణ్యం చేస్తున్నాననుకుంది. గోడకి ఇవతల తీగ పెంచి, గోడకి అవతల అత్త ప్రాణాన్ని ఎండబెట్టింది.

“ఇంక బాగుపడదా అండీ?” అంది, ముఖం ఎత్తకుండానే.

“ఎందుకు పడదు? అతికిస్తాను. కానీ ఇప్పుడే కాదు. ముందు దీనికి నెమ్మదిగా తేమ పట్టాలి. తొందరపడి శ్రుతికి లాగామంటే తీగలు తెగుతాయి. తెరలు కట్టండి, సీసా నింపండి. దుమ్ము పొడి గుడ్డతో తుడవండి, మీటల మీద తడి గుడ్డ పెట్టొద్దు. రోజూ కాసేపు వాయిస్తూ ఉండండి.”

“నాకు రాదండీ.”

“మీరు టీచరుగారి పిచ్చుక కదూ?” అన్నాడాయన, సామాను సర్దుకుంటూ. “వచ్చనే విన్నాను.”

తెరలు ఆ సాయంత్రమే అర దిగాయి. ఓనరుకి ఫోన్ చేసి, ఆ వాటాలోకి తనే దిగుతానంది. మనసు మార్చుకుంటుందేమోనన్న భయంతో కాబోలు, అతను వెంటనే సరేనని పెట్టేశాడు.

ఆ తర్వాత మోత తగ్గుతూ వచ్చి, వానలు పడేసరికి మానేసింది. పిచ్చుక పొద్దున్నే లేచి సీసాలో నీళ్ళు చూసుకునేది. రాత్రి కొట్టు మూసి వచ్చాక, ఎవరూ వినకూడదని కిటికీ బిగించి, మీటల మీద మెత్తగా వేళ్ళు వేసేది. చిన్నప్పటి పాట ఒకటి... మొదటి భాగం వచ్చేది. రెండో భాగంలో ఎప్పుడూ ఒకే చోట తప్పేది. ఎన్నేళ్ళయినా నాలుక పళ్ళ మధ్యకి దానంతటదే వచ్చి కూర్చునేది.

ఒక సాయంత్రం మలుపు దగ్గర మామ్మగారు ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపింది.

“అమ్మాయ్... నీకెంత ధైర్యమే తల్లీ,” అంది గుసగుసగా. “ఆ గదిలో ఎలా పడుకుంటున్నావు? టీచరుగారు మళ్ళీ వాయిస్తున్నారు, తెలుసా? ఈసారి పాటే. కానీ పాపం... చచ్చాక అంతా మర్చిపోయినట్టున్నారు. అన్నీ తప్పులే.”

పిచ్చుకకి నవ్వొచ్చింది. అత్త పోయాక మొదటిసారి. నవ్వుతూనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంక దాచడం చాలనిపించింది.

“అది అత్త కాదు మామ్మగారూ. నేను.”

“నువ్వా!”

“ఆ తడి అడుగులు కూడా నావే. ఈ తీగకి నీళ్ళు పోయడానికి రాత్రుళ్ళు వచ్చేదాన్ని. అత్త తీగ కదా అని... మీ అందరినీ భయపెట్టాను. చెప్పడానికి మొహం చెల్లలేదు.”

మామ్మగారు కుండీ వైపు చూసింది, ఆమె వైపు చూసింది.

“మీ అత్త తీగేమిటే! ఆ కుండీ నాది. మా గుమ్మంలో ఎండ తగలక చచ్చిపోతోందని తెచ్చి ఇక్కడ పడేశాను.” ఆవిడ ముఖంలో భయం పోయి ఉక్రోషం వచ్చింది. ఇన్నాళ్ళు మేడంతా చెప్పుకున్న దెయ్యం చేతుల్లోంచి జారిపోతుంటే ఎవరికైనా అంతేగా. నాలుగు మెట్లు ఎక్కింది. ఏదో గుర్తొచ్చి ఆగింది. వెనక్కి తిరిగింది.

“అయితే... వాయించేది నువ్వేనంటావ్.”

“నేనే మామ్మగారూ.”

“నువ్వు తప్పినప్పుడల్లా, పక్కనించి ‘మళ్ళీ... మళ్ళీ...’ అంటున్నదెవరే మరి?”

మామ్మగారు జవాబు కోసం ఆగలేదు. ఆవిడ మెట్లెక్కి, తలుపు వేసి, గడియ పెట్టుకున్న చప్పుడు వినబడింది.

ఆ రాత్రి పిచ్చుక సీసా తీసి చూసింది. నీళ్ళు కొంచెం తగ్గి ఉన్నాయి. నింపి పెట్టి, పలక మూసింది. బల్ల మీద కూర్చుంది. ఎంతసేపో మీటల మీద చేతులు వెయ్యలేదు. తర్వాత మెల్లగా కుడివైపుకి జరిగి, ఎడమవైపు చోటు వదిలింది.

“జరిగాను అత్తా,” అంది.

మొదటి భాగం సరిగ్గానే వచ్చింది. రెండో భాగంలో, ఎప్పుడూ తప్పే చోటే, వేలు తప్పింది. పిచ్చుక చేతులు ఆపేసి, నాలుక పళ్ళ మధ్య అలాగే పట్టుకుని... వింటూ కూర్చుంది.